మూడు ముద్దలు, మూడు పేర్లు

పితృకర్మకు సంబంధించిన మాటలన్నీ తెలుగులో తిట్లుగా స్థిరపడిపోయాయి. వేళగాని వేళ వచ్చి కూర్చున్నవాణ్ణి తద్దినంలా దాపురించాడంటాం. వంట నచ్చకపోతే పిండాకూడంటాం. లేనిపోని పని నెత్తికెత్తుకుంటే తద్దినం కొని తెచ్చుకోవడమే. పత్రికలవాళ్లు రోజుకొకరిచేత విలువలకు తిలోదకాలు ఇప్పిస్తారు. రాని బాకీకి నీళ్లు వదులుకుంటాం. నిజానికి ఈ మాటల్లో ఒక్కటీ చెడ్డది కాదు. తద్దినమంటే 'ఆ రోజు', అంతే. ఏ రోజని అడిగే పనిలేదు, ఆ ఇంట్లోవాళ్లకు తెలుసు. తిలోదకమంటే నువ్వులు కలిపిన నీళ్లు. శ్రాద్ధమంటే శ్రద్ధతో పెట్టేది. ఇంత మెత్తటి మాటలు ఇంత కరుకెక్కడానికి భయం కొంత, ఖర్చు కొంత, ఆకలి కొంత కారణమని నా అనుమానం. పొయ్యి మీద గారెలు వేగుతున్న వాసన వస్తుంటుంది, మధ్యాహ్నం రెండు దాటినా ఒక్కటీ చేతికి రాదు. అలాంటి రోజు పిల్లలకు ఏ మాటగా గుర్తుండిపోతుంది మరి!

ఈ తతంగాన్ని దూరం నుంచి చూస్తే పెద్ద అడవిలా ఉంటుంది. ఏడాదికి 96 శ్రాద్ధాలని ఒక లెక్క ఉంది. 12 అమావాస్యలు, 12 సంక్రమణాలు, 14 మన్వాదులు, 4 యుగాదులు, ఇంకా మహాలయాలు, అష్టకలు... అలా పోతుంది జాబితా. 1612లో కమలాకర భట్టు రాసిన నిర్ణయసింధువు, 1790 ప్రాంతంలో పండరిపురంలో కాశీనాథ ఉపాధ్యాయుడు కూర్చిన ధర్మసింధువు ఇప్పటికీ పురోహితుల చేతిపుస్తకాలే. పి.వి. కాణే తన ధర్మశాస్త్ర చరిత్ర నాలుగో సంపుటంలో (1953) వందల పుటలు దీనికే ఇచ్చాడు. అయితే అడవిలోకి దిగి నడిస్తే దారి చిన్నదే. చనిపోయినవాళ్లకు అన్నమూ నీళ్లూ ఇవ్వడం, ఇచ్చేటప్పుడు మూడు తరాల పేర్లు పైకి చెప్పడం. మిగతాదంతా దాని చుట్టూ పెరిగిందే. పెరిగినదాన్ని తగ్గించుకునే దారులు కూడా శాస్త్రంలోనే ఉన్నాయి. భయపెట్టేవాళ్లు వాటి ఊసెత్తరు.

మొదలు ఎక్కడంటే, ఋగ్వేదం పదో మండలంలో యముడి మీద, పితరుల మీద సూక్తాలున్నాయి. ఈ కర్మను మొదలుపెట్టినవాడు మనువని ఆపస్తంబుడి ధర్మసూత్రం అంటుంది. తెలుగునాట యజుర్వేదుల్లో ఎక్కువమంది ఆపస్తంబ సూత్రులే గనక ఆయన మాట మనకు ఇంటిమాట. కానీ నాకు నచ్చిన కథ భారతం ఆనుశాసనిక పర్వంలోది. నిమి అనే ఆయనకు శ్రీమంతుడనే కొడుకు పోయాడు. దుఃఖం ఆపుకోలేక, పిల్లవాడికి ఇష్టమైనవన్నీ గుర్తు చేసుకుని, బ్రాహ్మణులను పిలిచి భోజనం పెట్టి, దర్భల మీద కొడుకు పేరు చెప్పి పిండం పెట్టాడు. పెట్టాక గుండె గుభేలుమంది. ఎవరూ చెయ్యని పని చేశానే, ఋషులు శపిస్తారేమోనని. అప్పుడు వంశమూలపురుషుడైన అత్రి వచ్చి ఊరడించాడు, నువ్వు చేసింది తప్పు కాదని. కొడుకులు తండ్రులకు చేసే కర్మ ఒక తండ్రి కొడుక్కి చేసినదానితో మొదలైందన్నమాట. విధి తరవాత వచ్చింది, దుఃఖం ముందు వచ్చింది.

పోయిన మనిషి ఆ రోజే పితృదేవత అయిపోడు. ముందు ప్రేత. ఈ మాటకు ఇక్కడ దయ్యమని కాదు, వెళ్లిపోయినవాడని అర్థం. ఈ ఇల్లు వదిలాడు, ఆ ఇల్లు చేరలేదు. పది రోజులు రోజుకొక పిండం పెట్టేది అతనికి కొత్త ఒళ్లు కూర్చడానికని గరుడపురాణం చెబుతుంది. మొదటి రోజు తల, ఆ పైన మెడా భుజాలూ, అలా ఒక్కో అవయవం. పదో రోజు పిండంతో ఆకలిదప్పులు. అన్నిటికంటే చివర అమరేది ఆకలి! అందుకే కాబోలు ఆ తరవాత అన్నం పెట్టకుండా ఉండలేం.

పన్నెండో రోజున జరిగే సపిండీకరణం ఈ మొత్తంలో నన్ను ఎప్పుడూ కదిలించే ఘట్టం. విస్తట్లో నాలుగు పిండాలుంటాయి. పోయినాయనది ఒకటి, కాస్త పొడుగ్గా. ఆయన తండ్రి, తాత, ముత్తాతలవి మూడు, గుండ్రంగా. పొడుగు పిండాన్ని కర్త మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో పిండంలో కలిపి పిసుకుతాడు. వేళ్లు తీసేసరికి ఏది ఎవరో చెప్పలేం. అప్పటిదాకా ప్రేత అన్న నోటితోనే ఇకమీదట పితృ అనాలి. ఇంకో సంగతి కూడా ఆ క్షణానే జరుగుతుంది, చాలామంది గమనించరు. వరసలో ముగ్గురికే చోటు. కొత్తాయన వచ్చి చేరడంతో పైన ఉన్న, కర్తకు ముత్తాత తండ్రి అయినాయన లేచి పోవాలి. అయినా పూర్తిగా పస్తు పెట్టరు. పిండాలు చేశాక అరచేతికి అంటుకున్న మెతుకులను దర్భలకు తుడుస్తారే, ఆ తుడిచినది ఆయనకూ ఆ పై ఇద్దరికీ. పిండం తినేవాళ్లు ముగ్గురు, చేతి తడి తినేవాళ్లు ముగ్గురు, పెట్టేవాడు ఒకడు, వెరసి ఏడు తరాలు.

ఈ సపిండీకరణం అసలు ఏడాది నిండాక చేయవలసింది. ఏడాదిలో పెట్టాల్సిన మాసికాలు 16. ఇప్పుడు వాటిని ముందే ముగించి పన్నెండో రోజుకు కలిపేస్తున్నాం. ఆధునికుల బద్ధకం అనుకుంటారు గానీ ఈ కుదింపు కూడా పాతదే. ఏడాదిలోగా కర్తకే ఏమవుతుందో, ఇంట్లో ఏ శుభకార్యం తగులుతుందోనని శాస్త్రకారులే ఒప్పుకున్నారు. సంప్రదాయమంటే కదలని బండ అని వాదించేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ దగ్గర కాసేపు ఆగాలి.

ఇక ఏటేటా వచ్చే తద్దినం. మా నాన్నగారిది హైదరాబాదులో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో పెడుతున్నాం. దేవుడి పనికి ఇది అద్దంలో బొమ్మ. జంధ్యం ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి మారుతుంది. మొహం దక్షిణానికి తిరుగుతుంది. అక్షింతల చోట నువ్వులు, స్వాహా చోట స్వధా. నీళ్లు వేళ్ల కొసల నుంచి కాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారాలి. విశ్వేదేవుల స్థానంలో ఒక భోక్త, పితరుల స్థానంలో ఒక భోక్త కూర్చుంటారు. ఆ గంటసేపు పితరుల చోట కూర్చున్నాయన పక్కవీధి శాస్త్రిగారు కాదు, మా నాన్న. కాళ్లు కడగాలి, ఏం కావాలో అడగాలి, వడ్డించాలి. నాన్న బతికుండగా నేను ఆయన కాళ్లు కడిగిన గుర్తు లేదు. చివర్లో తృప్తి అయిందా అని అడుగుతారు, అయిందని ఆయన అనాలి. మిగిలిన అన్నం ఏం చేయమంటారని అడుగుతారు, మీవాళ్లతో కలిసి తినండని ఆయన అనుమతి ఇవ్వాలి. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఎంగిలి పడరు. కిందటేడు ఆ ప్రశ్న అడిగే వేళకు భోక్తగారి ఫోన్ మోగింది. ఇంకో ఇంట్లో ఆయన కోసం కాచుకుని ఉన్నారట. మహాలయ పక్షంలో నగరాల్లో భోక్తల కరువు అలా ఉంది. ఒకరోజు ఒకే శ్రాద్ధభోజనమన్న నియమం ఆయనకు తెలియక కాదు.

ఆలస్యానికీ ఒక లెక్క ఉంది. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. సూర్యోదయం ఆరింటికనుకుంటే ఒంటిగంటా పన్నెండు నిమిషాల నుంచి మూడున్నర దాకా. ఆ వేళకు ఏ తిథి ఉంటే ఆ రోజే తద్దినం. పనికి ఉపక్రమించడానికి కుతపకాలం మంచిదంటారు, అంటే పదకొండున్నర, పన్నెండున్నర మధ్య. పిల్లల ఆకలికి మూలం ఈ పంచాంగ గణితమే. తిథి చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది గనక అమెరికాలో ఉన్న మా తమ్ముడికి ఒక్కోసారి మాకంటే ఒకరోజు ముందు వస్తుంది. మొదట్లో వాడు కంగారు పడేవాడు. పోయిన తిథి పోయిన ఊళ్లో చూడాలి, పెట్టే రోజు పెట్టే ఊరి పంచాంగం ప్రకారం చూడాలి అని మా పురోహితుడు చెప్పాక కుదుటపడ్డాడు.

వంట సంగతి విడిగా చెప్పాలి. మడి కట్టుకున్న అమ్మ పొయ్యి దగ్గర ఉంటే మేం గుమ్మం దాటేవాళ్లం కాదు. గారెలు, పరమాన్నం, ముద్దపప్పు, అరటికాయ, కంద, చేమ, కాకరకాయ, పెరుగు పచ్చడి, నువ్వుల పొడి. ఉల్లి వెల్లుల్లి ఎలాగూ లేవు. టమాటా, బంగాళదుంప, క్యారెట్, క్యాబేజీ పనికిరావు. నిష్ఠగా ఉండే ఇళ్లలో మిరపకాయా కూడదు, కారానికి మిరియాలే. ఒక్క క్షణం ఆలోచిస్తే ఇది పోర్చుగీసువాళ్లు ఓడ దిగకముందు నాటి వంట. మిరప, టమాటా, బంగాళదుంప రాకమునుపు ఈ నేల మీద ఏం తిన్నారో ఏడాదికొక్కసారి మన నాలుక మీదికి వస్తుంది. మ్యూజియంలో పెట్టలేనిదాన్ని తద్దినం దాచిపెట్టింది. వసిష్ఠుడు తద్దినానికి పిలిస్తే విశ్వామిత్రుడు 1008 కూరలు వండమన్న కథ అమ్మమ్మలు చెబుతారు. అరుంధతి కాకరకాయను నూటికి, నల్లేరును మూడు వందలకు, పనసను ఆరు వందలకు లెక్కగట్టి, పైన ఎనిమిది కూరలు చేసి సరిపెట్టిందట. ఎంత పెద్ద జాబితానైనా కుదించే ఉపాయం ఇంటి ఆడవాళ్ల దగ్గర ఉంటుందని ఆ కథకు అర్థం.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. రామాయణంలో చిత్రకూటం దగ్గర దశరథుడు పోయిన వార్త విని రాముడు మందాకినిలో దిగి నీళ్లు వదిలి, గారపిండిలో రేగుపళ్లు కలిపి పిండం పెట్టాడు. అయోధ్య చక్రవర్తికి ఆ తిండి చూసి కౌసల్య కుమిలిపోయింది. మనిషి ఏది తింటే అతని దేవతలూ అదే తింటారన్నది అక్కడి న్యాయం. మరి ఆ న్యాయం ప్రకారం పెద్దలకు మాంసం, కల్లు పెట్టే కుటుంబాలు రాముడి దారిలోనే ఉన్నాయి కదా! మనుస్మృతి మూడో అధ్యాయం ఏ మాంసంతో పితరులకు ఎన్ని నెలల తృప్తో పట్టీ ఇచ్చింది. తరవాతివాళ్లు కలియుగంలో కూడదని దాన్ని తీసేశారు. శాకాహారపు తద్దినమే అసలైనదని, మిగతావి జనాచారాలని తేలిగ్గా తీసిపారేయడం కుదరదు.

తెలంగాణ ఊళ్లలో దీన్ని పిట్టకు పెట్టుడు అంటారు. మనిషి పోయిన మూడో రోజున, మళ్లీ దినాల్లో, ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరం జరిగి నిలబడతారు. మటన్, చేపల కూర, కల్లు, బీడీ, ఏదైతే అది. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే గుసగుసలు మొదలవుతాయి: ముసలాయనకు ఏదో కోరిక మిగిలింది, ఎవరి మీదో మనసు కష్టమైంది. అప్పుడొక్కొక్కరూ ముందుకొచ్చి, బిడ్డ పెళ్లి నేను చూసుకుంటనే, తమ్మునితోని మాట్లాడుతనే అని మాట ఇస్తారు. 2023లో వేణు యెల్దండి తీసిన 'బలగం' సినిమా మొత్తం ఈ ముట్టని పిట్ట చుట్టూ నడిచింది. ఊళ్లలో తెర కట్టి వేసుకుని మరీ చూశారు. ఆ సినిమా చూసి ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కలిశారన్న వార్తలూ వచ్చాయి. పురోహితుడి మంత్రం చెయ్యలేనిది కాకి చేసింది. దానికీ రామాయణంలోనే ఆధారం ఉంది. మరుత్తుడి యజ్ఞానికి రావణుడు వచ్చిపడితే దేవతలు తలా ఒక పక్షి, జంతువు రూపంలో దాక్కున్నారు. యముడు కాకిలో దూరాడు. గండం గడిచాక, నీకు తిండి పెడితే నా లోకంలో ఉన్నవాళ్ల ఆకలి తీరుతుందని దానికి వరమిచ్చాడు. ఉత్తరకాండ కథ ఇది.

మా ఫ్లాట్ మీద మాత్రం కాకులు లేవు. డాబా మీద విస్తరి పెట్టి నిలబడితే పది పావురాలు దిగాయి. నేను తోలుతున్నాను, అవి మళ్లీ వస్తున్నాయి. "తిననివ్వండి బాబూ, ఆకలిగొన్న ప్రాణే కదా," అన్నారు శాస్త్రిగారు. మరి కాకి? "కాకి దొరక్కపోతే ఆవుకు పెడతాం, ఆవు దొరక్కపోతే నీళ్లలో కలుపుతాం. మీ నాన్నగారికి ఈ ఊరి సంగతి తెలీదా ఏమిటి!"

భాద్రపద బహుళ పక్షం, అంటే మహాలయ పక్షం, చావులకొక క్యాలెండరు. మామూలుగా ఎవరి తిథి వాళ్లది. కానీ ముత్తైదువగా పోయినవాళ్లకు నవమి. సన్న్యాసులకు ద్వాదశి. ఆయుధం వల్ల, ప్రమాదంలో పోయినవాళ్లకు చతుర్దశి. తిథి తెలియనివాళ్లకూ మరిచిపోయినవాళ్లకూ అమావాస్య. ఆ పక్షంలో తల్లివైపు, తండ్రివైపు మాత్రమే కాదు. గురువు, స్నేహితుడు, అత్తమామలు, పిల్లనిచ్చినవాళ్లు, మనకు అన్నం పెట్టినవాళ్లు కూడా కారుణ్య పితరులుగా వరసలోకి వస్తారు. తర్పణం చివర తడిగుడ్డ కొస పిండి నీళ్లు వదులుతారు. మన వంశంలో పుట్టి, పిల్లలు లేక, పేరు చెప్పేవాళ్లు లేక పోయినవాళ్లకు ఆ నీళ్లు. శరీరం దొరకకుండా పోయినవాళ్లకు 360 మోదుగ కాడలతో మనిషి బొమ్మ చేసి దహనం చేసే విధి ఉంది. ఎవరూ బయట మిగిలిపోకూడదన్న ఆరాటం ఈ చిన్నచిన్న ఏర్పాట్లలో కనిపించినంతగా పెద్ద పెద్ద మంత్రాల్లో కనిపించదు.

ఆ అమావాస్యనే తెలంగాణలో పెత్రమాస అంటారు. పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చుకుంటారు. బియ్యం, పప్పు, కూరగాయలు చాటలోనో విస్తట్లోనో పెట్టి పెద్దల పేర్లు చెప్పి అయ్యవారికి ఇస్తారు. శాస్త్రం భాషలో ఇదే ఆమశ్రాద్ధం, ఆంధ్రలో స్వయంపాకం. సాయంత్రం అదే వాకిట్లో ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పొద్దున చచ్చినవాళ్లకు బియ్యం, సాయంత్రం బతుకమ్మకు పూలు. పండితులెవరూ కలిపి కుట్టింది కాదు, అయినా ఇంతకన్నా బాగా ఎవరు కుట్టగలరు? ఉత్తరాంధ్రలో సంక్రాంతి పెద్దల పండగ. కొత్తబట్టలు ముందు పెద్దలకు పెట్టి, ఆ తరవాతే ఒంటి మీదికి. కోస్తాలో ఆ రోజు గుమ్మడికాయ దానమిస్తారు.

ఇదంతా వాళ్లకు చేరుతుందా? ఈ ప్రశ్న నాస్తికులు కొత్తగా కనిపెట్టింది కాదు. అయోధ్యకాండలోనే జాబాలి రాముడితో అన్నాడు: ఒకరు తింటే ఇంకొకరి కడుపు నిండితే, ఊరెళ్లేవాడికి మూట కట్టడం దేనికి, ఇంట్లో శ్రాద్ధం పెడితే సరిపోదా అని. పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యుడు తన సర్వదర్శన సంగ్రహంలో చార్వాకుల నోట ఇదే వాదం చెప్పించాడు. కాకికి పిండం పెట్టేవాళ్లను వేమన ఎంత ఎగతాళి చేశాడో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. దయానంద సరస్వతి 1875 నాటి సత్యార్థ ప్రకాశంలో ఇంకో దారి తీశాడు. శ్రాద్ధమైనా తర్పణమైనా బతికున్న తల్లిదండ్రులకు చేసే సేవే తప్ప చచ్చినవాళ్లకు కాదన్నాడు. అటువైపు జవాబులూ ఉన్నాయి. పోయినాయన మళ్లీ ఎక్కడో పుట్టి ఉంటే ఈ ముద్ద ఎవరికి? వసువులు, రుద్రులు, ఆదిత్యులు తండ్రి, తాత, ముత్తాతల తరఫున అందుకుని, ఆయన ఏ జన్మలో ఉంటే ఆ జన్మకు తగిన ఆహారంగా మార్చి అందిస్తారు. దేవుడై పుడితే అమృతం, పశువై పుడితే గడ్డి. వెయ్యి ఆవుల మందలో దూడ తన తల్లిని పోల్చుకున్నట్టు ఆ అన్నం వెతుక్కుంటూ వెళుతుందని పురాణం ఉపమానం. తర్కంగా చూస్తే జాబాలి వాదమే బలంగా ఉందని నాకనిపిస్తుంది. కానీ నిమి కథ చదివాక ఆ తర్కం వేరే ప్రశ్నకు జవాబేమో అనిపిస్తుంది.

క్షేత్రాల దగ్గర త్వరగా నడుద్దాం. గయలో ఫల్గునది, అక్షయవటం, అహల్యాబాయి హోల్కర్ 1787లో కట్టించిన విష్ణుపాద ఆలయం. అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు ఒక పండూ ఒక కూరా వదిలేస్తారు. ఇష్టమైనది వదలమంటే కాకరకాయ వదిలేసి వచ్చే తెలివైనవాళ్లు ప్రతి వంశంలోనూ ఉంటారు. గయాసురుడి పాదాలున్న చోటని కాకినాడ జిల్లా పిఠాపురాన్ని పాదగయ అంటారు, కుక్కుటేశ్వరుడి కోనేటి గట్టున పిండాలు పెడతారు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో శ్వేతపుష్కరిణి, తెలంగాణలో గోదావరీ ప్రాణహితా కలిసే కాళేశ్వరం, రాజమండ్రి కోటిలింగాల రేవు, పన్నెండేళ్లకొకసారి ప్రతి నదికీ వచ్చే పుష్కరాలు. కానీ గయలో ఒక్క సంగతి దగ్గర ఆగాలి. దాని పేరు మాతృషోడశి. తల్లికి 16 పిండాలు. ఒక్కో పిండం పెట్టేటప్పుడు ఆమె పడ్డ ఒక్కో కష్టం చెప్పాలి. మోసిన నెలల బరువు, నొప్పులు, చేదు మందులు, బిడ్డకు జబ్బు చేసిన రాత్రులు. యాభై, అరవై ఏళ్ల మగవాళ్లు వరసగా కూర్చుని ఆ కష్టాలు ఒక్కొక్కటే పలుకుతూ కొంగుతో కాక కండువాతో కళ్లు తుడుచుకోవడం అక్కడ మామూలు దృశ్యం. దీన్ని ఆవిడ బతికుండగా ఒకసారి చదివి వినిపిస్తే బాగుండేదని అనుకోని కొడుకుండడు.

తల్లికి ఇన్ని పిండాలు పెట్టే కర్మలో కూతురి చోటెక్కడ? కొడుకు లేకపోతే గతి లేదన్న భయం పాతదే. ఆదిపర్వంలో జరత్కారువు పితరులు గోతిలో తలకిందులుగా గడ్డిపోచలు పట్టుకు వేలాడుతుంటారు, ఎలుక ఆ వేళ్లు కొరుకుతుంటుంది. ఆ ఎలుకే కాలం. పెళ్లి వద్దన్న బ్రహ్మచారి ఆ దృశ్యం చూసి పెళ్లాడాడు, ఆస్తీకుడు పుట్టాడు. నన్నయగారి పుణ్యమా అని తెలుగువాళ్లకు వెయ్యేళ్లుగా తెలిసిన కథ. కానీ అధికారుల వరస చెప్పే గ్రంథాల్లో కొడుకు, మనవడు, ముని మనవడి తరవాత భార్య, కూతురు, కూతురి కొడుకు, అన్నదమ్ములు అందరూ ఉంటారు. దౌహిత్రుణ్ణయితే శ్రాద్ధాన్ని పవిత్రం చేసే మూడింటిలో ఒకటిగా మనువు లెక్కపెట్టాడు, నువ్వులతో సమానంగా. తలకొరివి పెట్టిన కూతురని పత్రికలు వింతగా రాస్తాయి గానీ అది శాస్త్రానికి అంత వింత కాదు, ఊరికి వింత.

పిండమనే మాట ఆస్తి తగాదాల్లోనూ తిరిగింది. సపిండులంటే ఒకే ఒంటి అంశ ఉన్నవాళ్లని మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు, ఒకే పిండం పంచుకునేవాళ్లని బెంగాల్లో జీమూతవాహనుడు. వారసత్వానికి ఒకరు రక్తాన్ని, ఇంకొకరు తద్దినాన్ని ఆధారం చేశారు. తెలుగునాట మితాక్షరదే పెత్తనం. 1955 హిందూ వివాహ చట్టం కూడా తండ్రివైపు ఐదు తరాలు, తల్లివైపు మూడు తరాలు సపిండులని, వాళ్ల మధ్య పెళ్లి కుదరదని చెప్పి, ఆచారముంటే ఫరవాలేదని వెసులుబాటు ఇచ్చింది. మన మేనరికాలు ఆ సందులోంచే బయటపడ్డాయి. ఆడపిల్లలకు పిత్రార్జితంలో వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి వర్తించింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. పుట్టుకతోనే ఆ హక్కుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పొలంలో వాటా వచ్చిన కూతురికి నువ్వుల నీళ్లలో వాటా రావడానికి ఇంకెన్నాళ్లు పడుతుందో! ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆవిడ చేతిలో దర్భ పెట్టి, మంత్రం మాత్రం పక్కన మగవాడి చేత చెప్పిస్తున్నారు.

చివరికి ఖర్చు దగ్గరికి రావాలి. పెద్దకర్మకు ఊరంతా ఫ్లెక్సీలు, షామియానాలు, వెయ్యి విస్తళ్లు. పోయినాయన మందులకు చేసిన అప్పు మీద భోజనాలకు ఇంకో అప్పు. మనువును అడిగితే ఏమంటాడు? దేవతలకు ఇద్దరు, పితరులకు ముగ్గురు, లేదా చెరొకరు. ఎంత ఉన్నవాడైనా అంతకు మించి విస్తరించవద్దు, విస్తరిస్తే మర్యాద, చోటు, వేళ, శుచి, తగిన మనుషులు అన్నీ చెడతాయంటాడు. పెళ్లి ఆలస్యమైనా, కొడుక్కి ఉద్యోగం రాకపోయినా పితృదోషమనడం, వేలకు వేలు ధర చెప్పి నారాయణబలి చేయించడం ఇప్పుడొక వ్యాపారం. ధర్మగ్రంథాల్లో నారాయణబలి ప్రధానంగా అపమృత్యువుల కోసం. పెళ్లిసంబంధాలు కుదర్చడం దాని పని కాదు. మన తాతలు మన పిల్లలకు పెళ్లి కాకుండా అడ్డుపడి కూర్చుంటారని నమ్మడమంటే వాళ్లను ఎంత చిన్నచూపు చూడటం! వండిపెట్టలేకపోతే బియ్యం ఇవ్వు. బియ్యమూ కుదరకపోతే డబ్బిచ్చి హిరణ్యశ్రాద్ధం చెయ్యి. అదీ లేకపోతే ఆవుకు గడ్డి వెయ్యి. అదీ లేనివాడు ఎవరూ లేని చోటికి పోయి రెండు చేతులూ పైకెత్తి, నా దగ్గర ధనం లేదు, ధాన్యం లేదు, భక్తి ఉంది, తృప్తి పొందండని చెబితే చాలునని విష్ణుపురాణం. మెట్టు మెట్టుగా ఇంత కిందికి దిగి వచ్చిన శాస్త్రం పేరు చెప్పి జనాన్ని బెదిరిస్తున్నారు.

అన్నీ తగ్గించినా తగ్గించలేనిది పేర్లొక్కటే. అక్కడా ఒక వెసులుబాటు ఉంది. గోత్రం తెలియకపోతే కాశ్యపం. పేర్లు తెలియకపోతే భూమ్మీద ఉన్నవాడు, అంతరిక్షంలో ఉన్నవాడు, ద్యులోకంలో ఉన్నవాడు అని మూడు తరాలను పిలవచ్చు. ఈ ఏడు మా అమ్మ తద్దినానికి ఆ అవసరం దాదాపు పడింది. అమ్మ పేరు, నాయనమ్మ పేరు చెప్పాను. "ఆవిడ అత్తగారు?" అన్నారు శాస్త్రిగారు. ఏటా అమ్మ పాత డైరీ చూసి చెప్పేవాణ్ణి. ఇల్లు మారినప్పుడు డైరీ ఎక్కడో పోయింది. మూడో పిండం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మా అమ్మాయి తాడేపల్లిగూడెంలో ఉన్న మా మేనత్తకు ఫోన్ కలిపి స్పీకరు నొక్కింది. ఆవిడకు ఎనభై నాలుగేళ్లు, చెవులు సరిగ్గా వినపడవు.

"ఎవరు? మా నాయనమ్మా? అచ్చమ్మ. అచ్చమ్మేరా. పక్కింటావిడ అచ్చమాంబ, ఇద్దరికీ ఉత్తరాలు మారిపోయేవి. ఏం, ఇప్పుడెందుకూ?"

"పిండం పెడుతున్నానత్తయ్యా."

"అయితే కాస్త నెయ్యి ఎక్కువ వెయ్యి, ఆవిడకు ఇష్టం," అని పెట్టేసింది. మా అమ్మాయి ఆ పేరు పంచాంగం అట్ట మీద రాసి, కింద నెయ్యి అని కూడా రాసింది.